ఎండితే తప్ప తెలియని చెట్టు

మా అత్తగారింట్లో పచ్చిగా ఉన్న చెట్టును ఎవరూ గుర్తుపట్టలేరు. ఈ మాట అంటే అందరూ నవ్వుతారు గాని నిజం. తాండూరు బజారులో మా మామగారిది మూడు తరాల మూలికల దుకాణం. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయలు, పేరు తెలియని వేర్లు, బెరళ్లు అన్నీ పట్నం నుంచి రైల్లో గోనె సంచుల్లో వచ్చేవి. మామగారు కళ్లు మూసుకుని ఒక ముక్కను విరిచి, ఆ చప్పుడు విని, వాసన చూసి, కొస నమిలి పేరు చెప్పేవారు. సరుకు ఏ ఏటిదో కూడా చెప్పేవారు. అదే మనిషి మా పుట్టింటికి వికారాబాదు వచ్చినప్పుడు, మా పెరట్లోని ఉసిరి చెట్టు కింద నిలబడి ఇదేం చెట్టు అని అడిగారు. ఆయన దుకాణంలో ఎండు ఉసిరి రెండు సంచులు ఉంది. మా నాన్న నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

అత్తగారింటి వెనక నిలువు బండల గోడ ఉండేది. నాపరాతి బండలను వరసగా నేలలో పాతి నిలబెట్టడమే మా వైపు గోడ కట్టడం. బండకూ బండకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. ఆ సందు అవతల ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. క్రైస్తవురాలు. ఆమె భర్త అనంతగిరి అడవిలో జవానుగా పనిచేసి, పోలీసు యాక్షన్ అయిన ఏడు ఉద్యోగం వదిలి తాండూరు వచ్చాడట. వస్తూ వస్తూ ఒక మొక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చి పెరట్లో నాటాడు. రెండేళ్లకు పోయాడు. దాని పేరేమిటో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మొక్క మాత్రం మా మిద్దె దాటి పెరిగింది. సన్నటి బోదె, పైన గొడుగు పట్టినట్టు పెద్ద పెద్ద ఆకులు.

నేను మొదటి కాన్పు తర్వాత మూడు నెలల ఆడపిల్లతో అత్తగారింటికి వచ్చిన వానాకాలంలోనే ఆ చెట్టు మొదటిసారి పూసింది. నిటారుగా లేచిన పొడవాటి కాడకు గిన్నెల్లాంటి పూలు. బయట కమిలిన దెబ్బ రంగు, లోపల పాలిపోయిన పసుపు. రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి నేల మీద పడి ఉండేవి. వాటి వాసన పులిసిన పిండిలో తడిసిన తోలు వేసినట్టు ఉండేది. గాలి మా వైపు తిరిగిన రోజు అన్నం సయించేది కాదు.

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, నోరు మరీ ఎక్కువ. ఒకరోజు పొద్దున మిద్దె మెట్ల మీద నిలబడి అవతలికి చూశాను. చెట్టు పక్కన బండ చాటున తెల్లగా, కణుపులు కణుపులుగా ఏవో పేర్చి ఉన్నాయి. మనిషి చేతి ఎముకల్లాగే కనిపించాయి. అప్పుడే అత్తగారు నన్ను ఏదో పనికి సాధిస్తున్నారు. ఆవిడ నోరు మూయించడానికి నాకో మాట కావాలి.

"అత్తమ్మా, ముసలామె చెట్టు కింద బొక్కలు కుప్ప పెట్టుకున్నది," అన్నాను.

అత్తగారు నిజంగానే నోరు మూశారు. నాకు సంతోషమైంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని అందరికీ తెలిసిన సామెతే. తెలిసి ఏం లాభం?

నాలుగు రోజుల తర్వాత నా బిడ్డ పాలు తాగడం తగ్గించింది. చప్పరించేది, విసుక్కునేది, వదిలేసి ఏడ్చేది. సాయంత్రమయ్యేసరికి గుక్క పట్టేది. మోకాళ్ల దగ్గర చర్మం వదులై మడతలు పడింది. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, ఎవరో ఇచ్చిన విభూతి పెట్టారు. బిడ్డ ఎండిపోతూనే ఉంది. అత్తగారు వంటింట్లో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లతో గుసగుసలాడుతుంటే ఒక మాట నా చెవిన పడింది. బాణామతి.

మా వైపు ఆ మాట గట్టిగా అనరు. దగ్గరికి రాకుండానే మనిషిని ఎండగట్టే విద్య అది అని నమ్మకం. బాణామతి చేసేవాళ్లని ముద్ర పడితే వాళ్లకు విధించే శిక్ష కూడా అందరికీ తెలుసు. పటకారుతో పళ్లు పీకేస్తారు. పళ్లు లేని నోట మంత్రం పలకదట. ఆ తర్వాత ఊళ్లో ఉండనివ్వరు. పెద్దేముల్ వైపు ఒక ముసలాయనను నేను చూశాను. నోరు గుడ్డతో మూసుకుని తిరిగేవాడు.

సరిహద్దు అవతల నుంచి ఒక మంత్రగాడు వస్తాడని, అమావాస్య పగలు చెట్టు నరికి ముసలామె నోరు కట్టేస్తాడని రెండు రోజుల్లో వీధి వీధంతా తెలిసిపోయింది. అమావాస్యకు ఎనిమిది రోజులుంది. పోలీసులకు చెప్పొచ్చు కదా అంటారు ఇప్పటి పిల్లలు. ఎవరు చెప్తారు? గడప దాటని బాలింత చెప్తుందా? మా ఆయన ఆ నెలంతా సరుకు కొనుగోలు మీద పట్నంలోనే ఉన్నాడు.

ఇక్కడ నేను గొప్పలు పోకూడదు. నేను కూడా నమ్మాను. బిడ్డను ఒళ్లో వేసుకుని ఆ చెట్టు వైపు చూస్తే నాకు వణుకు పుట్టేది. ముసలామె మీద కసి కూడా పుట్టింది. నా బిడ్డ బతికితే చాలు, ఎవరి పళ్లు పోతే నాకేం అని ఒక మధ్యాహ్నమంతా అనుకున్నాను.

అదే మధ్యాహ్నం బండల సందులోంచి గొంతు వినిపించింది.

"బిడ్డా, పోరి ఎందుకట్ల ఏడుస్తున్నది? పాలు సాల్తలేవా?"

నేను బిడ్డను కొంగు చాటుకు లాక్కున్నాను.

"నీళ్లు తాగుతున్నవా లేదా జర చెప్పు."

బాలింతకు మా ఇంట్లో నీళ్లు కొలిచి ఇచ్చేవారు. పూటకు ఒక చిన్న చెంబు, అదీ కాచిన నీళ్లు. వెల్లుల్లి కారం, పాత బియ్యపు అన్నం, అంతే పథ్యం. నాలుక పిడచ కట్టుకుపోయేది. అదే మాట ఆమెతో అన్నాను.

"నీళ్లు లేంది పాలు యాడికెళ్లి వస్తయే? బాయి ఎండితే బొక్కెన ఏం చేస్తది?" అంటూ సందులోంచి చెంబు అందించింది. "కాచి సల్లార్చిన నీళ్లే. ఫికర్ చేయకు, తాగు."

చెంబు వాసన చూశాను. మందు పెట్టిందేమో అనుకున్నాను. ఒడిలో బిడ్డ ఏడుపు మానేసి ఊరకే నోరు తెరిచి మూస్తోంది. ఆ నోరు చూసి తాగేశాను. ఇంకో చెంబు అడిగాను. ఆ రోజు నుంచి అత్తగారు కునుకు తీసే వేళకు నేను గోడ దగ్గర ఉండేదాన్ని. మూడో రోజుకు రొమ్ములో బరువు తెలిసింది. బిడ్డ గుటక వేసిన చప్పుడు విని నేను ఏడ్చాను. అత్తగారు మాత్రం తాయెత్తు పనిచేస్తోందన్నారు, మంత్రగాడికి ఇంకో కబురు పంపారు.

"అవ్వా, ఇదేం చెట్టు?" అని ఆ రోజే అడిగాను.

"నాకేం ఎరుక బిడ్డా? ఆయన పనికొచ్చే చెట్టు అనేటోడు. గంతే."

"మరి ఆ కుప్ప?"

ఆమె ఒకటి తీసి సందులోంచి ఇచ్చింది. ఆకు కాడ. ఆ చెట్టు ఆకులు మూరలకు మూరలు ఉంటాయి, చలికాలంలో కాడలు కణుపుల దగ్గర విరిగి రాలతాయి. ఎండితే ఎముక రంగు. పొయ్యి అంటించుకోవడానికి ఏరి పెట్టుకుంది. నా చేతిలో దానికి బరువే లేదు. నా మొహం నాకే చూపించుకోవాలనిపించలేదు.

అమావాస్యకు ఇక నాలుగు రోజులు. అది ఏం చెట్టో తెలిస్తే, ఒక పేరు దొరికితే, దానికి భయం పోతుందని నాకు తోచింది. పేరు లేనిదాన్నే కదా జనం దయ్యమంటారు. రాలిన పువ్వునూ ఒక ఆకునూ కొంగులో చుట్టి, భోజనం వడ్డించేటప్పుడు మామగారి ముందు పెట్టాను. ఆయన వాటిని రెండు వేళ్లతో పక్కకు నెట్టారు.

"ఎండని దాన్ని నేనెట్ల చెప్తనమ్మా? ఎండబెట్టి తే, చెప్త," అన్నారు సగం ఎగతాళిగా.

ఆయన ఎగతాళికి అన్నారు. నేను నిజమనుకున్నాను.

దుకాణానికి వచ్చేవి వేర్లూ బెరళ్లే కదా అని ఆ మధ్యాహ్నమే వేరు ముక్క అడిగితే, అవ్వ గడ్డపారతో చెట్టు మొదట్లో తవ్వి బొటనవేలంత లావు వేరు ఒకటి కోసి ఇచ్చింది. కత్తిపీట మీద దాని బెరడు చీల్చాను. లోపల మీగడ రంగు. చూస్తుండగానే అది పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది. ఇలాంటి రంగు ఎక్కడో చూశాను, ఎక్కడో గుర్తు రావడం లేదు. బయట ముసురు, ఎండ మొహం చూసి వారమైంది. బిడ్డకు సాంబ్రాణి వేసే కుంపటి మీద బుట్ట బోర్లించి గుడ్డలు ఆరేసేవాళ్లం. ఆ గుడ్డల కింద బెరడు ముక్కలు పరిచాను. మూడు రోజులు ఎవరూ గుడ్డలు తీయకుండా కాపలా కాశాను. అత్తగారు బుట్ట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ బిడ్డను గిల్లి ఏడిపించానంటే నమ్మండి. పాపం, ఆ మూడు రోజులు అది కడుపు నిండి కూడా ఏడ్చింది.

అమావాస్య ముందు రోజు సాయంత్రం ముక్కలు విరిస్తే టప్పుమన్నాయి. దుకాణం నుంచి ఏరడానికి వచ్చిన చాటలో, వేరే వేర్ల మధ్య వాటిని కలిపాను. కొత్త సరుకును మామగారు ఇంట్లోనే చూసి విడదీసేవారు. ఆయన పీట మీద కూర్చుని ఒక్కొక్కటే విరుస్తూ పక్కన వేస్తున్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నా ముక్క ఆయన చేతికి వచ్చింది. విరిచారు. వాసన చూశారు. కొస నమిలారు.

"దుండిలం," అన్నారు. "నిరుడిది కాదు, తాజాగ ఉన్నది. మస్తు మంచి సరుకు. గిది యాడికెళ్లి వచ్చింది?"

దుండిలం. కాన్పు కషాయంలో వేసే పది వేర్లలో ఒకటి. నాకు రంగు అప్పుడు గుర్తొచ్చింది. వికారాబాదులో మా అమ్మ కాచి ఇచ్చిన కషాయంలో తేలిన ముక్కల రంగు అది. ఆ పొట్లం మా మామగారి దుకాణం నుంచే వచ్చింది. పెరటి చెట్టు మందుకు రాదంటారు. మాకు మందుకు వచ్చిన చెట్టు పెరట్లో ఉంటే ఆనవాలు చిక్కలేదు.

"వెనకింటి చెట్టుది మామా. అవ్వ చెట్టుది," అన్నాను.

ఆయన దవడ ఆగిపోయింది. నోట్లో ముక్కను ఉమ్మలేదు, మింగలేదు. "గీ మాట గడప దాటద్దు," అన్నారు. "బాణామతి చెట్టు ఏరు అమ్ముతున్నరంటే రేపటి సంది దుకాణంల ఈగ వాలది. తాత నాటి దుకాణం. ఇన్నవా?"

విన్నాను. ఆ రాత్రి నాకు ఆయన మీద పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మరునాడు పొద్దున పదింటికి అవతలి పెరడు నిండిపోయింది. సందులోంచి చూశాను. గొడ్డలితో ఒకడు, తాడుతో ఇద్దరు. మంత్రగాడు ఎర్ర గుడ్డ పరిచి దాని మీద పటకారు పెట్టాడు. అది ఇంటింటా నిప్పులు తీసే మామూలు పటకారే. అవ్వను చెట్టు బోదెకు ఆనించి కూర్చోబెట్టారు. ఆమె పెదవులు బిగించి, కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది. అది ప్రార్థన అని నాకు తెలుసు. చూసేవాళ్లకు మంత్రం.

బిడ్డను చంకనేసుకుని, మిగిలిన బెరడు ముక్క పిడికిట్లో పట్టుకుని, అత్తగారు అరుస్తున్నా వినకుండా వీధి చుట్టి వెళ్లాను. పెళ్లైన తర్వాత నేను ఒంటరిగా వీధిలో నడవడం అదే మొదలు. జనం పక్కకు తప్పుకున్నారు. బాణామతి తగిలిన బిడ్డ తల్లిని కదా.

"గిది దుండిలం చెట్టు," అన్నాను. "కాన్పు కషాయంల ఏస్తరు. నేను తాగిన. నువ్వు తాగినవ్ అక్కా. పెద్దమ్మా, మీ కోడలు మొన్న తాగింది. మా దుకాణం పొట్లమే కద తెచ్చిండ్రు?"

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మంత్రగాడు నా చేతిలోంచి ముక్క లాక్కుని పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది శ్మశానపు ఏరు. దీన్ని బిడ్డ తల్లి చేతిలనే పెట్టిచ్చింది, చూడుండ్రి," అన్నాడు.

ఆ మాటతో జనం మళ్లీ ముందుకు జరిగారు. తాడు పట్టుకున్నవాళ్లు అవ్వ భుజాల మీద చేతులు వేశారు. ఒకడు పటకారు అందించాడు. నేను ఆమె ముందు కూర్చుండిపోయాను. బిడ్డ గుక్క పెట్టి ఏడ్వడం మొదలుపెట్టింది.

"ఏదీ, ఇటు తే."

మామగారి గొంతు. ఎప్పుడు వచ్చారో తెలియదు. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతులకు పసుపు పొడి అంటి ఉంది. మంత్రగాడి చేతిలోంచి ముక్క తీసుకున్నారు. విరిచారు, వాసన చూశారు, నోట్లో వేసుకుని నమిలారు. జనం ఆయన దవడనే చూస్తున్నారు. ఈసారి ఆయన మింగేశారు.

"దుండిలం," అన్నారు. "మా తాత అమ్మిండు, మా నాయిన అమ్మిండు, నేను అమ్ముతున్న. శ్మశానపు ఏరట! సరుకు తెల్వకుంటె తెల్వదని చెప్పాలె. దానికి పేరు మార్చి చెప్తవా?"

ఆయనకు అవ్వ మీద జాలి కలిగిందో లేదో నాకు తెలియదు. దుకాణం పోతుందన్న భయం కూడా పోలేదు. కాని తన కళ్లెదుట ఒకడు సరుకును తప్పు పేరుతో పిలిస్తే ఆ మనిషి ఓర్చుకోలేకపోయాడు. మంత్రగాడు ఇంకేదో అనబోయాడు. కషాయం తాగిన ఆడవాళ్లు బయలుదేరారు ముందు, వాళ్ల వెనక మొగవాళ్లు. గొడ్డలి తెచ్చినవాడు దాన్ని చెట్టుకే ఆనించి వెళ్లిపోయాడు. ఎర్ర గుడ్డను మంత్రగాడు తానే మడుచుకున్నాడు.

ఆ ఏడంతా దుకాణం దగ్గర బేరం పలచబడింది. మళ్లీ కోలుకుంది. కాన్పులు ఆగవు కదా. మామగారు వ్యాపారి వ్యాపారే. నెల తిరక్కుండా గోడ దగ్గరికి వెళ్లి, ఆ చెట్టు వేర్లు అమ్ముతావా అని అడిగారు. అవ్వ పళ్లన్నీ కనిపించేలా నవ్వి, "పండ్లు దక్కినయ్, చెట్టు దక్కింది. రెండూ ఇయ్య," అంది.

నాకు మరో ఇద్దరు పుట్టారు. రెండు కాన్పులకూ బండల సందులో గుడ్డలో చుట్టిన బెరడు ముక్క ఉండేది, పక్కన చెంబుడు నీళ్లు ఉండేవి. మొదటి బిడ్డ బడికి వెళ్లే ఈడుకు వచ్చింది. ఎముకల మాట మొదట అన్నది నేనే అని మాత్రం అవ్వకు చెప్పలేకపోయాను. చెప్పాలని వెళ్లి చింతపండు అడిగి వచ్చిన రోజులున్నాయి.

అరవైల్లో ఒక ఎండాకాలం ఆమె మంచం పట్టింది. ఒకరోజు గంజి తాగించి, మూతి తుడిచి, ఇక ఆగలేక చెప్పేశాను.

"అవ్వా, చెట్టు కింద బొక్కలున్నయని మొదలు అన్నది నేనే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఎరుకే బిడ్డా. మెట్ల మీదికెళ్లి నువ్వు మీ అత్తతోని అన్నప్పుడే ఇన్న. బండలకు సందులున్నయ్ కద," అంది.

నేను లెక్క వేసుకున్నాను. ఆమె ఆ మాట విన్న తర్వాతే నాకు నీళ్లందించింది.